నున్నటి అతుకు

మాస్కు ముఖం మీదికి దించుకుంటే లోకం ఆరిపోతుంది. షెడ్డు ఉండదు, గోడకు తగిలించిన సుత్తులుండవు, తలుపు దగ్గరి ఎండ ఉండదు, అప్పటిదాకా చెవి దగ్గర జోరీగలా పోరు పెట్టిన అల్లుడూ ఉండడు. రాడ్డు కొస ఇనుముకు తగిలి మంట పుట్టగానే ఆ చీకటి మధ్యలో ఆకుపచ్చటి మడుగొకటి తెరుచుకుంటుంది. కరిగిన ఇనుము అది. గోరంత ఉంటుంది. ముప్పయ్యేళ్ళుగా ఆ మడుగు ఒడ్డునే నా బతుకు గడిచింది. మా వీధివాళ్ళు నన్ను వెల్డింగు పెద్దమ్మ అంటారు. ఆడదానివి, ఈ పని నీకెలా వచ్చిందని కొత్తవాళ్ళు అడుగుతారు. మీకు తిండి తినడం ఎలా వచ్చిందో అలాగే వచ్చింది అంటాను. రెండో ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు.

నేర్పింది మా ఆయన. పెళ్ళయిన కొత్తలో గేటు ఊచలు పట్టుకోమని నన్ను షెడ్డులోకి పిలిచి, అరగంట పాటు నా చెయ్యి చూసి, "నీ చెయ్యి కదలట్లేదే! ఇదిగో, ఈ మాస్కు నువ్వే పెట్టుకో" అన్నాడు. అంతే, మళ్ళీ తీయలేదు. పదకొండేళ్ళ కిందట వానాకాలంలో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఆ మాస్కు పట్టీకి ఆయన చెమట మరక ఇంకా ఉంది. నేను ఉతకను.

ఆయన మాటలు మూడు నాకు మిగిలాయి. ఇనుము చల్లారేటప్పుడు తన వైపు లాక్కుంటుంది, కాబట్టి నిలబెట్టేటప్పుడే పైపును వేలెడు బయటికి వంచి నిలబెట్టు అనేది మొదటిది. మడుగుకి రెండు ఒడ్లూ తడవాలి అనేది రెండోది. అంటే అతికే రెండు పైపుల అంచులూ కరగాలి, ఒకటే కరిగితే అది అతుకు కాదు, పక్కన పడ్డ ఇనుము. మూడోది చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వేవాడు కాదు. "బరువు మోసే అతుకును గ్రైండరుతో తోమకు. కిటికీ తోముకో, గేటు తోముకో. మనిషి ప్రాణం ఆనుకునే చోట అతుకు మీద అలలు అలాగే ఉండాలి. ఎవరైనా వచ్చి చూసుకుంటారు. తోమావంటే ఏదో దాచావన్నమాటే."

నేను దాచాను. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మా అమ్మాయి పశువుల డాక్టరు. నదికి అవతల కొండల మీద పల్లెలున్నాయి. అక్కడికి రోడ్డు లేదు. నాలుగు చక్రాలూ పట్టుకుని పాకే పాత ట్రక్కొకటి దానికి ఉంది. దాంట్లో మందుల పెట్టె వేసుకుని రాళ్ళ మీద, బురదలో, నీళ్ళలో పడి పోతుంటుంది. రెండు నెలల కిందటి వానల్లో కొండ మలుపు దగ్గర మట్టి జారి బండి ఒక పొర్లు పొర్లింది. పైకప్పు సీటు వీపు దాకా అణిగిపోయింది. అమ్మాయి తలకూ ఆ రేకుకూ మధ్య జానెడు మిగిలింది. చెయ్యి విరిగి కట్టుతో ఇంటికొస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ ఆ బండి ఎక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాను.

"కాళ్ళు విరగ్గొడితే కట్టు కట్టేది ఎవరు, నేనేగా" అంది. తర్వాత మెల్లగా, "అమ్మా, క్యాబిన్లో పైపులతో బోను కట్టివ్వు. బండి దొర్లినా కప్పు నా నెత్తి మీదికి రాకుండా" అంది.

"పెద్ద షాపులున్నాయి, వాళ్ళ చేత చేయించుకోవే. నాకు గేట్లు తప్ప ఏం తెలుసు?"

"నీ చేతి అతుకు తప్ప ఇంకెవరి అతుకూ నేను నమ్మను."

ఆ మాటకు పొంగిపోయాను. పొంగిపోయానని ఒప్పుకోడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది.

అప్పటికే నా కుడి కంటికి పాల మీగడ లాంటి పొర ఒకటి వచ్చింది. దీపం చూస్తే చుట్టూ రంగుల వలయం కనిపించేది. పొద్దున తలుపు సందులోంచి షెడ్డులోకి దూరే వెలుతురు ఇదివరకు సన్నగా, కోసినట్టుండేది. ఇప్పుడు మెత్తగా పరుచుకుని, దానిలో ఎగిరే దుమ్ము కూడా ఎంతో తీరిగ్గా తేలుతున్నట్టు కనిపించేది. నిజం చెప్పొద్దూ, నాకది బాగుండేది. కొట్టి కొట్టి గరుకెక్కిన వస్తువులన్నీ ఒక్కసారిగా మెత్తబడ్డట్టు ఉండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆస్పత్రి అంటారు, ఆస్పత్రి అంటే పని ఆపమంటారు, పని ఆపితే నేనెవరిని?

అణిగిన కప్పును జాకీతో పైకెత్తాక బోను పని మొదలైంది. మా అల్లుడు దర్జీ. మెళ్ళో టేపు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. బోనుకు కొలతలు తానే తీస్తానన్నాడు. పెళ్ళాన్ని సీట్లో కూచోబెట్టి భుజం, నడుము, కూచున్నప్పటి తల ఎత్తు అన్నీ కొలిచి, జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలోనే రాసుకున్నాడు. చివర "లూజు రెండంగుళాలు" అని కూడా రాశాడు.

"అల్లుడుగారూ, ఇది జాకెట్టు కాదు. లోపలి మనిషి ఎగిరెగిరి పడుతుంది. అరచెయ్యి వెడల్పు వదలాలి" అన్నాను.

"అయితే లూజు అరచెయ్యి" అని కొట్టేసి రాశాడు. కోపగించుకోడం కూడా తెలియదు ఆ మనిషికి.

పైపులు వంచడానికి ముందు లోపల ఇసుక నింపి, రెండు చివర్లా చెక్క బిరడాలు దిగ్గొట్టేవాళ్ళం. ఇసుక లేకపోతే వంపు దగ్గర పైపు నొక్కుకుపోతుంది. అల్లుడు ఇసుక జల్లెడ పట్టేవాడు. అమ్మాయి కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఇంకో చేత్తో పైపు వంచే జాకీ పిడి ఆడించేది. మధ్యాహ్నాలు మెల్లగా సాగేవి. ఎండ రేకు కప్పు మీద కూచుని టిక్కు టిక్కుమనేది. ఇసుక సన్నగా రాలుతుంటే కళ్ళు వాలిపోయేవి. ఆ మగతలోనే నేను మాస్కు దించుకుని, మడుగు తెరుచుకుని, ఒడ్డెంబడి నడుచుకుంటూ ఒక అతుకు పూర్తి చేసేదాన్ని. మాస్కు ఎత్తితే కాసేపు ఈ లోకం ఏదో, ఆ లోకం ఏదో తెలిసేది కాదు.

ఒకరోజు కొలత సరిచూడ్డానికి అమ్మాయిని సీట్లో కూచోబెట్టి పక్క పైపు తాత్కాలికంగా రెండు అతుకు చుక్కలు పెట్టి నిలిపాను. నిలిపాక చూస్తే అమ్మాయి దిగడానికి దారి లేదు. చేతికి కట్టు, ముందు స్టీరింగు, రెండో వైపు తలుపు వంగిపోయి తెరుచుకోదు.

"అమ్మా, నన్నే బోనులో పెట్టేశావు" అంది.

"అరవకు. ఆలోచిస్తున్నాను."

"చుక్కలు కోసెయ్యొచ్చుగా అత్తయ్యా" అన్నాడు అల్లుడు.

నా పని నేనే కోసుకోడమా, మా ఇంటా వంటా లేదన్నాను. చివరికి వెనక కిటికీలోంచి, అమ్మాయి ఆవు కడుపులోంచి అడ్డం తిరిగిన దూడను లాగుతుంది చూశారూ, అలా దాన్ని లాగాం. ముగ్గురం నేల మీద కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే అనిపిస్తుంది, కోసుకోడానికి నామోషీ పడడం ఆ రోజే నాలో ఉంది, మాకే కనిపించలేదు.

మొత్తం ఇరవై నాలుగు అతుకులు. ఇరవై మూడు చక్కగా వచ్చాయి. పైన గట్టిపడ్డ పెంకును సుత్తితో రాలగొడితే కింద అలలు వరసగా, వెండిలా తేలేవి. మిగిలింది ఒకటి. డ్రైవరు సీటు వెనక, నిలువు పైపు వెళ్ళి కప్పు కింది వంపు పైపును కలిసే మూల. బోను మీద బరువు పడితే మొదట మోసేది ఆ మూలే.

మామూలుగా అయితే పై అతుకులన్నీ అయ్యాకే బోను కాళ్ళను బండి నేలకు అతకాలి. అప్పటిదాకా బండి నేలకు కోసిన కంతల్లోంచి బోనును కిందికి దించుకుంటూ పైన చెయ్యి ఆడేంత జాగా చేసుకోవచ్చు. ఆ రోజు తొందరపడ్డాను. కట్టు విప్పారు, అమ్మాయి రేపు బయల్దేరతానంటోంది, కొండ మీద దూడలకు టీకాలు వెయ్యాలట. పైన ఒక అతుకు మిగిలుండగానే కాళ్ళు అతికేశాను. ఇక కప్పుకూ పైపుకూ మధ్య ఎనిమిది వేళ్ళ సందు. సీటు మీద వెల్లకిలా పడుకుని, తల వెనక్కి వేలాడేసి, చెయ్యి పైకి పెట్టి రాడ్డు ముట్టించాను.

మడుగు తెరుచుకుంది. కాని ఒకటి కాదు, రెండు. ఒకదాని పక్కన ఒకటి, రెండూ ఆకుపచ్చగా, రెండూ మెల్లగా ఊగుతూ. ఏది అసలుదో తెలియలేదు. రాడ్డు ఆపి దిగాలి. అది తెలుసు. కాని ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. ఒక దాని మీద ఎండ పడుతున్నట్టు, ఇంకో దాంట్లో ఆకుల నీడ పడుతున్నట్టు ఉంది. నేను ఎడమ దాని ఒడ్డు పట్టుకుని నడిచాను. రాడ్డు అయిపోయేదాకా నడిచాను.

పెంకు రాలగొట్టి వేలితో తడిమి చూశాను. అలలు ముచ్చటగా ఉన్నాయి. కాని పైపులు కలిసే గీత పక్కకు పడ్డాయి. ఇనుమంతా నిలువు పైపు మీద కరిగి కూచుంది. వంపు పైపు మీదికి అంచు మాత్రం దుప్పటి కప్పినట్టు పరుచుకుంది. ఒక్క ఒడ్డే తడిసింది.

అప్పుడు చెయ్యాల్సింది ఒకటే. కోసి మళ్ళీ అతకాలి. నా చెయ్యి వెళ్ళి గ్రైండరు తీసుకుంది. కొయ్యడానికే తీసుకున్నాననుకున్నాను. కోసే బిళ్ళ బదులు తోమే బిళ్ళ బిగించింది నా చెయ్యే. నిప్పురవ్వలు నెమ్మదిగా రాలాయి. కాసేపటికి ఆ మూల ఎంత నున్నగా వచ్చిందంటే, అసలు రెండు పైపులు అక్కడ కలిశాయని కూడా తెలియదు. రంగు వేశాను. నల్లగా, చల్లగా మెరిసింది. మిగతా ఇరవై మూడింటికన్నా అదే బాగుంది.

అల్లుడు వచ్చి బోను చుట్టూ తిరిగాడు. "అత్తయ్యా, నేను జాకెట్టు ఇచ్చేముందు ప్రతి కుట్టునూ రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి లాగి చూస్తాను. మీరు దీన్ని ఎలా లాగి చూస్తారు?" అని అడిగాడు. పాపం, నిజంగా తెలుసుకోడానికే అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీరు వెళ్ళి గుండీలు కుట్టుకోండి బాబూ" అన్నాను.

భోజనాలయ్యాక అమ్మాయి వచ్చి సీట్లో కూచుంది. స్టీరింగు పట్టుకుని చూసింది. చేత్తో వెనక పైపులన్నీ తడుముతూ పోయి ఆ మూల దగ్గర ఆగింది.

"అమ్మా, అన్నీ గరుగ్గా ఉన్నాయి, ఇదొక్కటే నున్నగా ఉందేంటి?"

నేను గుడ్డ తీసుకుని చేతికంటిన రంగు తుడుచుకున్నాను.

"ఓ... నా తల తగిలేది ఇక్కడేనా? అందుకా?" అరచేత్తో మళ్ళీ నిమిరింది. "ఎంత చూసుకున్నావమ్మా!"

"ఊ" అన్నాను.

అది తల వెనక్కి వాల్చి ఆ అతుకుకు ఆనించి కళ్ళు మూసుకుంది. చిన్నప్పుడు నా భుజానికి అలాగే ఆనించేది. నేను అక్కడ నిలబడలేక పనిముట్లు సర్దే మిషతో అటు తిరిగాను.

అది బట్టలు సర్దుకోడానికి లోపలికెళ్ళాక నేను ట్రక్కెక్కి కూచున్నాను. ఎందుకెక్కానో తెలియదు. షెడ్డు వేడిగా ఉంది. రంగు వాసన. కప్పు టిక్కు టిక్కుమంటోంది. రెప్పలు పడ్డాయి.

నది వచ్చింది. బండి నీళ్ళలోకి దిగింది, ఇంకా దిగింది, నీళ్ళు అద్దాల పైకి వచ్చాయి. నాకు భయం లేదు. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. అడుగున గుండ్రటి రాళ్ళు, వాటి మీద చక్రాలు చప్పుడు లేకుండా దొర్లుతున్నాయి. పక్క సీట్లో మా ఆయన కూచుని ఉన్నాడు, చేతిలో చిన్న సుత్తి. ఒక్కో అతుకునూ టంగుమని కొడుతున్నాడు. నీళ్ళలో కూడా ఆ మోత ఎంత చక్కగా వినిపించిందో! ఒకటి, రెండు, పది, ఇరవై మూడు. ప్రతి మోతకూ తల ఊపుతున్నాడు. నాకు ఆనందంగా ఉంది. చివరి మూలకొచ్చాడు. అక్కడ సుత్తి పక్కన పెట్టాడు. అరచేత్తో దాన్ని నిమిరాడు. నా వైపు చూసి, అమ్మాయి అన్నంత ప్రేమగా, "ఎంత చూసుకున్నావే" అన్నాడు.

ఉలిక్కిపడి లేచాను. చెంపలు తడిసి ఉన్నాయి.

దిగి, గోడకున్న పెద్ద సుత్తి తీసుకుని, "ఏమే! ఇలా రా! అల్లుడుగారూ, మీరూ రండి!" అని కేకేశాను. ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. ఎవరికేమైందోనని అమ్మాయి చేతిలో చీర సగం మడతతోనే ఉంది.

"అక్కడే నిలబడు. చూడు" అన్నాను.

సీటు మీదికి వంగి, ఆ మూలకు కింద నుంచి ఒక దెబ్బ వేశాను. దబ్బుమంది. మిగతా అతుకులు మోగుతాయి, ఇది మోగలేదు. రెండో దెబ్బకు రంగు మీద వెంట్రుక వాసి గీత లేచింది. మూడో దెబ్బకు వంపు పైపు ఊడి పక్కకు జరిగింది. మధ్యలో వేలు పట్టే సందు. అమ్మాయి దగ్గరికొచ్చి టార్చి వేసింది. వంపు పైపు అంచు మీద రంపం గీతలు ఎలా కోశానో అలాగే ఉన్నాయి, ఒక్కటి కూడా కరగలేదు. షెడ్డులో పెరిగిన పిల్ల. దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

చాలాసేపు టార్చి ఆర్పలేదు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"అయితే తల తగులుతుందని తోమలేదు."

"లేదు."

"నేను దీనికి తల ఆనించానమ్మా."

నేను నేల చూశాను.

"రేపు పొద్దున నేను దీంట్లో వెళ్ళేదాన్ని. అన్నిటికన్నా దీన్నే నమ్ముకుని వెళ్ళేదాన్ని." అరిస్తే బాగుండేది. అరవలేదు. చీర అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది.

అల్లుడు చీర తీసి దుమ్ము దులిపి మడత పెట్టాడు. మడత మీద మడత సరిచేస్తూ, "అత్తయ్యా, మీకు కన్ను సరిగ్గా కనిపించట్లేదు కదా" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"సూదిలో దారం ఎక్కించమని ఈ రెండు నెలల్లో మూడుసార్లు నా దగ్గరికొచ్చారు. ఇదివరకు మీరు నాకు ఎక్కించి ఇచ్చేవాళ్ళు."

"తెలిసీ అడగలేదేం మరి?"

"అడిగితే కొడతారని" అన్నాడు. నిజమే, కొట్టేదాన్నేమో. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ పిచ్చి మారాజు మెళ్ళో టేపు తీసి కళ్ళు తుడుచుకోమని ఇచ్చి, అది టేపని గుర్తొచ్చి మళ్ళీ జేబులో రుమాలు వెతికాడు.

గంట తర్వాత అమ్మాయి మందుల పెట్టె పట్టుకుని వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. నన్ను స్టూలు మీద కూచోబెట్టి, గేదెకు చూసినట్టే గడ్డం పట్టుకుని తల ఎత్తి, కింది రెప్ప లాగి కంట్లో లైటు వేసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలు."

"గేదెకు ఇలా అయితే మూడో రోజుకే తోలుకొస్తారు. శుక్లం ఇది. తీసేస్తారు, ఎంతో సేపు పట్టదు."

"తీశాక మడుగు కనిపిస్తుందా?"

"ఏ మడుగు?"

అప్పుడు తెలిసింది, ముప్పయ్యేళ్ళలో ఆ మాట నేను మా ఆయనతో తప్ప ఎవరితోనూ అనలేదని. చెప్పాను. మాస్కు లోపలి చీకటి, ఆకుపచ్చ, రెండు ఒడ్లు, చివరికి రెండు మడుగులై నన్ను తిప్పేసిన సంగతి అన్నీ చెప్పాను. అది రెప్ప వదిలి వింది. కోపం పోలేదు, కాని వింది.

"దీన్ని పెద్ద షాపుకి తోలుకెళ్ళు. ఆ మూల వాళ్ళు అతుకుతారు" అన్నాను.

"వాళ్ళెవరో నాకు తెలియదు. నువ్వు నాకు నేర్పు."

"నీకేం వచ్చే, చిన్నప్పుడు రెండు గేట్లు చేశావంతేగా."

"చీకట్లో, ఆవు కడుపులో, కనిపించని చోట కుట్లు వేస్తానమ్మా నేను. నా చెయ్యి కదలదు. చూస్తావా?" అని చెయ్యి చాపింది. కట్టులోంచి కొత్తగా బయటపడ్డ చెయ్యి, పాలిపోయి, సన్నగా ఉంది. కదల్లేదు.

పల్లెలకు ఫోన్ చేసి నాలుగు రోజుల తర్వాత వస్తానని చెప్పింది. మా ఆయన మాస్కు దాని తలకు బిగించాను. పట్టీ మరక దాని నుదుటి మీదికి వచ్చింది. ముక్క పైపులు తెచ్చి, అదే మూల, అదే వంకరలో బల్ల మీది వైస్‌కు బిగించి ముట్టించమన్నాను. నేను కళ్ళు మూసుకుని పక్కన కూచున్నాను. చూసి ఏం లాభం? చెవులు బాగానే ఉన్నాయి.

"రేకు మీద సన్నవాన పడుతున్నట్టుండాలి చప్పుడు. ఇప్పుడు ఉమ్ముతోంది, చెయ్యి దూరమైంది. దగ్గరికి రా. మరీ గొణుగుతోంది, కాస్త ఎత్తు. ఆ... అదీ. అలాగే పద."

అతికిన ప్రతి ముక్కనూ వైస్‌లో పెట్టి సుత్తితో విరగ్గొట్టాం. మొదటి రోజు అన్నీ విరిగాయి. "దీనికి పెళ్ళి చెయ్యకుండా పనిలో పెట్టాల్సింది" అని తిట్టాను. పెళ్ళికొడుకు అక్కడే కూచుని నవ్వాడు. రెండో రోజు సగం విరిగాయి. మూడో రోజు మధ్యాహ్నం పైపు వంగి సొట్టపడింది కాని అతుకు విడవలేదు. మళ్ళీ చేసినా విడవలేదు. పది ముక్కలూ విడవలేదు. ఆ చివరి ముక్క అతికేటప్పుడే అనుకుంటాను, మాస్కు లోపలి నుంచి గుసగుసగా, "అమ్మా... మడుగమ్మా" అంది.

నేను స్టూలు దాని దగ్గరికి జరుపుకున్నాను.

"మాట్లాడకు. ఒడ్డు చూసుకో. రెండు ఒడ్లూ తడుస్తున్నాయా?"

"తడుస్తున్నాయి."

నాలుగో రోజు పొద్దున బోను కాళ్ళు నేనే కోశాను. నా పని నేనే కోసుకోడానికి ఈసారి నామోషీ అనిపించలేదు. బోను కిందికి దించి, పాత ఇనుమంతా చెక్కేసి, పైపు అంచులు శుభ్రం చేసి, నిలువు పైపును వేలెడు బయటికి నిలబెట్టాం. అల్లుడు దీపం పట్టుకున్నాడు. అమ్మాయి ముట్టించింది. నేను బండికి ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నాను. వాన నిదానంగా కురిసి ఆగింది. పెంకు రాలగొట్టాక తడిమి చూస్తే అతుకు ఎగుడుదిగుడుగా ఉంది, ఒకచోట లావు, ఒకచోట సన్నం, మా ఆయన చూస్తే మొహం అటు తిప్పుకునేవాడు. కాని రెండు పైపులూ ఒకటైపోయాయి. ఇనుము చల్లారుతూ లాక్కుని సరిగ్గా నిలువుకొచ్చి నిలబడింది. అల్లుడు రెండు చేతులతో పట్టుకుని శక్తికొద్దీ లాగి, "గట్టిదే అత్తయ్యా" అన్నాడు. ఈసారి ఏమీ అనలేదు నేను. కాళ్ళు తిరిగి అతికి, అల్లుడి చేత నల్ల రంగు వేయించాం. అలలు కప్పకుండా పలచగా వెయ్యమన్నాను.

మర్నాడు వెళ్ళేముందు అమ్మాయి నాతో మామూలుగానే మాట్లాడింది. కాని సీట్లో కూచున్నాక తల వెనక్కి ఆనించలేదు. నేను చూశాను.

వెళ్ళిన మూడో రోజు మధ్యాహ్నం షెడ్డు బయట హారన్ మోగింది. దాని వెంట వచ్చిన గలగలకే తెలిసింది, ముందు దీపం పక్క రేకు వదులైందని. పరిగెత్తాను. నా కళ్ళకు బండి చుట్టూ తెల్లటి మంచు, మధ్యలో అమ్మాయి నిలబడి ఉన్నట్టు మాత్రం కనిపించింది. ముందు దాని తల తడిమాను, తర్వాత భుజాలు, చేతులు.

"ఏం కాలేదమ్మా. చెప్తా ఉండు."

అదే మలుపట. వచ్చేటప్పుడు మట్టి మళ్ళీ జారిందట. బండి పక్కకు ఒరిగి, కప్పు మీదికి తిరిగి, బండకు కొట్టుకుని ఆగిందట. పల్లెవాళ్ళు తాళ్ళు కట్టి నిలబెట్టారట. అది బెల్టుకు తలకిందులుగా వేలాడుతూ, మందు సీసాలు ఎన్ని పగిలాయో లెక్కపెట్టుకుంటూ కూచుందట.

నేను కప్పు మీద చెయ్యి పెట్టి తడుముకుంటూ వెళ్ళాను. డ్రైవరు వైపు మూల దగ్గర నా అరచెయ్యి మొత్తం ఒక గుంటలో దిగబడింది. రేకు చితికి, ముడతలు పడి, లోపలికి వెళ్ళి ఒక చోట ఠక్కున ఆగిపోయింది. అక్కడి నుంచి కింద బోను. అక్కడే మెట్టు మీద కూచున్నాను.

"నీ అతుకు నన్ను గీరింది చూడు" అంటూ అది నా వేలు పట్టుకుని తన కణత మీద పెట్టుకుంది. చిన్న గీత, ఎండిపోయిన రక్తం.

"నా అతుకెక్కడిదే, నీదేగా" అన్నాను. "పోనీ, గ్రైండరు పెట్టి కాస్త నున్నగా తోమనా?"

"ముట్టుకున్నావంటే చేతులు విరుస్తా" అంది. అని, నా పక్కన మెట్టు మీద కూచుని, తల తెచ్చి నా భుజానికి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

అది స్నానానికి వెళ్ళాక నేను ట్రక్కెక్కాను. ఆస్పత్రికి ఇంకా ఆరు రోజులుంది. వెలుతురు మెత్తగా, పాలలా పరుచుకుని ఉంది. వెనక్కి చెయ్యి చాపి ఆ మూల పట్టుకుని, కళ్ళు మూసుకుని, అలలు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాను. పదిహేడున్నాయి. తొమ్మిదో అల దగ్గర దాని తలవెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది. దాన్ని అలాగే ఉండనిచ్చాను.